కొలిమి ఆరేలోపు

ఆగస్టు 3, ఆదివారం

ఆయన అన్నం ముట్టలేదు. సోయాగింజల టెంపే వేపుడు, ఎర్ర మిరపకాయ పచ్చడి, రెండూ ఆయనకి ఇష్టమైనవే చేశాను. కంచం ముందు కూర్చుని గోడ చూస్తున్నారు. ఏమైందండీ అంటే ఏం లేదన్నారు. నేను గిన్నెలు తోముతుంటే పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడి తనే చెప్పారు.

ప్రొఫెసర్ థీసిస్ మొత్తం చదివారట. అంతా బాగుంది జత్మికో, చివరి చాప్టర్ మాత్రం గాల్లో వేలాడుతోంది అన్నారట.

జేగంట ఎందుకు పగులుతుంది అన్నదే ఆయన పరిశోధన. కాలిన కంచు సమ్మెట దెబ్బకి ఎంతవరకు సాగుతుంది, ఎక్కడ చిట్లుతుంది అని. బాగా సాగిన కంచు ముక్కలు ల్యాబ్ నిండా ఉన్నాయి. చిట్లింది ఒక్కటీ లేదు. పాత సామాన్ల బజార్లో దొరికేవి ఎప్పుడో కిందపడి పగిలినవట, పనికిరావు. కొలిమి దగ్గర, సమ్మెట కింద పగిలిందే కావాలి. ఇది ఏడో ఏడు. ఈ ఏడాది చివరికి థీసిస్ పూర్తి కాకపోతే యూనివర్సిటీ ఆయన పేరు కొట్టేస్తుంది.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నేను పుట్టిందే కంచరి ఇంట్లో. మా నాన్న చేతి జేగంటలు లేకపోతే ఈ చుట్టుపక్కల ఏ గమెలన్ మేళమూ మొదలవదు. కానీ నాన్న కొలిమిలో పగిలింది ఏదీ ఇంతవరకు బయటివాళ్ల కంట పడలేదు. మా వాళ్ల పద్ధతి అది. కొలిమి మీద పగిలింది ఆ నిప్పు ఆరేలోపే ముక్కలై మూసలోకి వెళ్లిపోవాలి. కరిగి మళ్లీ బిళ్ల అయిపోవాలి. చూసినవాడు చూడనట్టే ఉండాలి. అమ్మ కూడా అడగదు. నాన్న కాళ్లు కడుక్కునే తీరు చూసి తెలుసుకుంటుంది.

పెళ్లైన కొత్తలో ఆయన ఒకసారి, పగిలింది ఒకటి ఇమ్మని నాన్నని అడిగారు. అలాగే బాబూ అన్నాడు నాన్న. ఆయన సంతోషంగా వచ్చి నెలంతా ఎదురుచూశారు. సిటీలో పెరిగిన మనిషి, ఏం తెలుసు. మా ఊళ్లో పెద్దవాళ్లు అలాగే అన్నారంటే ఇంక ఆ మాట ఎత్తకు అని. అల్లుడు రెండోసారి అడిగితే మర్యాద కాదు. ఆయన మళ్లీ అడగలేదు.

ఆగస్టు 5

నువ్వు అడుగు అని ఆయన నాతో అనలేదు. అనుంటే కాదనేదాన్ని. అనలేదు, అదే వచ్చిన చిక్కు.

ఆగస్టు 9, శనివారం

వుర్యాని మేడంతో మా ఊరికి వెళ్లాం. మేడం ఆయన యూనివర్సిటీలోనే ఎకనామిక్స్ చెబుతారు. నాట్యంవాళ్లు, తోలుబొమ్మలవాళ్లు, మాలాంటి కంచర్లు ఎలా బతుకుతున్నారు, ఎందుకు మానేస్తున్నారు అని ఆవిడ పరిశోధన. కళలకి కూడా ఎకనామిక్స్ ఉంటుందని నాకు ఆవిడని చూశాకే తెలిసింది. మోటార్ సైకిల్ తనే నడుపుతారు. నన్ను వెనక కూర్చోబెట్టుకుని దారంతా మాట్లాడుతూనే ఉన్నారు, నేను ఊఁ అంటూనే ఉన్నాను. దిగగానే, వెనకే ఇంకో బండి మీద వచ్చిన ఆయనతో, మీ ఆవిడ భలే కబుర్లపోగండీ, చెవులు హోరెత్తిపోయాయి అన్నారు. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కొలిమి దగ్గర మేడం నాన్నని సూటిగా అడిగేశారు. మీ కొలిమిలో ఎన్నింటికి ఒకటి పగులుతుంది బాబాయ్ అని. మా కొలిమిలో పగలవమ్మా అన్నాడు నాన్న. సమ్మెటవాళ్లు అందరూ ఒకేసారి నేల చూశారు. వంటింట్లో అమ్మ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుంది.

తర్వాత మేడం వంటింట్లోకే వచ్చి పీట వేసుక్కూర్చున్నారు. పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ వేపిన టోఫు తింటున్నారు. ప్రతి కొలిమిలోనూ ఇదే మాట పిన్నీ, ఎవరి దగ్గరా ఏదీ పగలదు, మరి ఇంతింత బొగ్గు ఎందుకు కాలిపోతోంది చెప్పు అన్నారు. మా ఇంట్లో టీ ఎక్కువ కాస్తామమ్మా అంది అమ్మ. మేడం పడీపడీ నవ్వారు. అమ్మ మాత్రం నవ్వకుండా ఇంకో టీ పోసింది.

తిరిగొచ్చేటప్పుడు మేడం నాకు అర్థమయ్యేలా చెప్పారు. పగిలినవి దాచేస్తారు కాబట్టి కొనేవాళ్లు అసలు పగలవనే అనుకుంటారు. బేరం ఆడి ఆడి తగ్గిస్తారు. ఆ ధరలో మంచివాటి కష్టమే ఉంటుంది, పగిలినవాటి బొగ్గూ చెమటా ఉండవు. ఆ నష్టం కంచరే కడుపు మాడ్చుకుని భరించాలి. అది చూసి కొడుకులు ఫర్నిచర్ ఫ్యాక్టరీకి పోతున్నారు. నిజమే. నా చిన్నప్పుడు మా వీధంతా కొలిములే. ఇప్పుడు నాన్నది, కాలవ అవతల తుకిరన్ మామది, ఇంకా ఒకటో రెండో.

ఆయనది ఫిజిక్స్, ఆవిడది ఎకనామిక్స్. ఇద్దరూ వచ్చి నిలబడింది ఒకే తలుపు ముందు. ఆ తలుపు మా నాన్న పరువు.

ఆగస్టు 17

ఇవాళ మా దేశపు స్వాతంత్ర్య దినం. మా ఊళ్లో పోటీలు. తాడుకి అప్పడాలు వేలాడదీసి, చేతులు వెనక్కి కట్టుకుని నోటితో తినాలి. ఆయన పేరిచ్చారు, వద్దంటే వినలేదు. అప్పడం అటు ఊగితే ఈయన ఇటు, ఇటు ఊగితే అటు. ముక్కుకి తగిలింది, కంటికి తగిలింది, నోటికి అందలేదు. పీహెచ్‌డీ నోరు బాబూ, అప్పడానికి అపాయింట్‌మెంట్ కావాలేమో అన్నాడు నాన్న. అందరిలోకీ తనే గట్టిగా నవ్వాడు. నాన్న ఆయన్ని వేళాకోళం ఆడటం ఇదే మొదలు. బాగుంది.

ఆగస్టు 24, ఆదివారం

ఒక్కదాన్నే బస్సెక్కి వెళ్లాను. నాన్నని అడగడానికే. దారిలో మాటలు పేర్చుకున్నాను. నాన్నా, మీ అల్లుడి చదువు అని మొదలుపెట్టాలి.

మొదలుపెట్టలేదు. చింతపండు గింజలు తీశాను. కోళ్లకి నూకలు వేశాను. నాన్న పక్కనే కూర్చుని పటకారు బాగుచేసుకుంటున్నాడు. ఏం తల్లీ, ఊరికే వచ్చావా అన్నాడు. ఊరికే నాన్నా అన్నాను. బస్సెక్కించడానికి వచ్చిన అమ్మ, నోట్లో ముత్యాలు దాచుకున్నావా పిల్లా, తెరిస్తే రాలిపోతాయా అని దెప్పింది. అమ్మకి తెలిసిపోయింది. అమ్మకి అన్నీ తెలుస్తాయి, ఏదీ చెప్పదు.

ఇంటికొచ్చాక ఆయన ఏమీ అడగలేదు. నేను తెచ్చిన అరటిపళ్లు తిన్నారు.

ఆగస్టు 30, శనివారం

ఆయన నన్ను ల్యాబ్‌కి తీసుకెళ్లారు. పెళ్లైన రెండేళ్లలో ఇదే మొదటిసారి. రమ్మని చాలాసార్లు అన్నారు, నేనే వెళ్లలేదు. అక్కడ నాతో ఎవరైనా మాట్లాడితే ఏం చెప్పను.

మెట్ల దగ్గర ఒకమ్మాయి మెరాపి కొండ కక్కిన బూడిదని జల్లెడ పడుతోంది, అమ్మ పిండి జల్లించినట్టు. ఒకతను మసీదు గుమ్మటాల కింద శబ్దం ఎలా తిరిగొస్తుందో కొలుస్తాడట, అలవాటైపోయి ఏ గదిలోకి వెళ్లినా ముందు చప్పట్లు కొడతాడు. కింద క్యాంటీన్‌లో మేడం స్టూడెంట్లు, వీధి నాటకానికి టికెట్ పెట్టాలా వద్దా అని బల్ల గుద్ది మరీ కొట్టుకుంటున్నారు. నూడిల్స్ చల్లారిపోతున్నా వాళ్లకి పట్టలేదు. ఇంతమంది ఇన్ని ప్రశ్నలు పెట్టుకుని బతుకుతున్నారని నాకు తెలీదు. ఇన్నాళ్లూ ఆయన ఒక్కరే ఇలా అనుకున్నాను.

ఆయన మైక్రోస్కోప్‌లో చూడమన్నారు. ఒక కన్ను మూయడం రాక చేత్తో మూసుకున్నాను. ముందు అంతా మసక. ఏదో తిప్పారు. అప్పుడు కనబడింది. బంగారు రంగు సూదులు, కోత కోసిన చేలో గడ్డిపరకల్లా అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. ఏమిటండీ ఇది అన్నాను. మీ నాన్న జేగంట లోపల అన్నారు. ఎర్రగా ఉన్నప్పుడే నీళ్లలో ముంచడం వల్ల అలా వస్తాయట. ఆ సూదులుంటేనే కంచు దెబ్బ తట్టుకుంటుందట.

చాలాసేపు చూశాను. నాన్న చేసిన పని లోపల కూడా ఇంత అందంగా ఉంది. కరిగించి, కొట్టి, ముంచి, అరవై ఏళ్లు వచ్చిన మనిషి ఒక్కసారీ ఇది చూడలేదు. మా ఇంట్లో చూసినదాన్ని నేనే. ఎంత గర్వం వేసిందో రాయలేను. నాన్న మీదా, చూపించిన ఈయన మీదా.

మరి పగిలినదాంట్లో ఎలా ఉంటుందండీ అన్నాను. అదే తెలియదు, ఊహించి రాశాను, ఊహకి డాక్టరేట్ ఇవ్వరు కదా అన్నారు.

సెప్టెంబర్ 6, శనివారం, ఉదయం 6

అమ్మకి నడుం పట్టేసింది. సమ్మెటవాళ్లకి వండిపెట్టడానికి నిన్ననే ఊరొచ్చాను. ఇవాళ నాట్య పాఠశాలవాళ్ల ఆర్డర్‌లో వేలాడదీసే జేగంట కొడతారు. పూలూ అన్నమూ కొలిమి దగ్గర నైవేద్యంగా పెట్టేశారు. కిటికీలు మూసి లోపల చీకటి చేసుకున్నారు, కాలే కంచు రంగు తెలియాలని. నిప్పు మీద పని ఉన్నంతసేపు ఆడవాళ్లు లోపలికి వెళ్లరు. నేను కొబ్బరి కోరుతున్నాను.

అదే రోజు, సాయంత్రం 4

ఇప్పుడే ఇల్లు చేరాను, ఆయన ల్యాబ్ నుంచి ఇంకా రాలేదు. ఈలోపు రాస్తాను.

సమ్మెటలు ఒకదాని వెనక ఒకటి పడుతున్నాయి. ఆ వరసకే కొబ్బరి కోరడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. దెబ్బ, కోరు, దెబ్బ, కోరు. పొద్దెక్కాక ఒక దెబ్బకి చిన్న చప్పుడు వినిపించింది. వేరుశెనక్కాయ ఒలిచినంత చప్పుడు. అన్ని సమ్మెటలూ ఆగిపోయాయి. నా చెయ్యీ ఆగిపోయింది.

ఎలా లేచానో తెలియదు. చేతుల నిండా కొబ్బరి కోరుతోనే కొలిమి గుమ్మం దాటాను. దాగలి మీద కంచు బిళ్ల, అంచు నుంచి మధ్య దాకా నల్లటి గీత. నాన్న పటకారుతో దాన్ని ఎత్తుతున్నాడు. మూస మూత అప్పటికే తీసి ఉంది.

ఆగు నాన్నా అన్నాను.

నాన్న నావైపు చూడలేదు. మీ అమ్మని టీ పెట్టమను తల్లీ అన్నాడు. నేను కదల్లేదు. సమ్మెటవాళ్లలో పెద్దతను, అమ్మాయిగారూ నిప్పు ఉంది బయటికెళ్లండి అన్నాడు. వెళ్లలేదు. అది మా ఆయనకి ఇవ్వు నాన్నా, కరిగించకు అన్నాను.

అప్పుడు చూశాడు. మా నాన్న కోపం మనిషి కాదు. మెల్లగా అడిగాడు. అరవై ఏళ్ల చెయ్యి తల్లీ ఇది, దీని తప్పు పట్టుకెళ్లి సిటీలో బల్ల మీద పెడతావా, పదిమందీ గుచ్చి గుచ్చి చూడటానికా అన్నాడు. నేను చెప్పాను. మంచివి ఎంత బాగున్నాయో ఆ అద్దంలో నేను చూశాను నాన్నా. అంతా బంగారమే. ఇది ఎందుకు పగిలిందో తెలిస్తే రేపు తుకిరన్ మామదీ పగలదు, ఎవరిదీ పగలదు. నీ పేరు ఎక్కడా రాయరు. నేను మాట ఇస్తున్నాను.

నీ మాటా అన్నాడు.

నా మాటే అన్నాను.

నా నోట ఇంత పొడుగు మాట నాన్న ఎప్పుడూ విని ఉండడు. నేనూ వినలేదు.

నాన్న పటకారు కింద పెట్టాడు. లేచి గాలి మర ఆపేశాడు. వెళ్లి తినండిరా అని సమ్మెటవాళ్లని పంపేశాడు. బల్ల మీద కూర్చుని లవంగం సిగరెట్ వెలిగించుకున్నాడు. కొలిమికి వీపు పెట్టి కూర్చున్నాడు. నేను నిలబడే ఉన్నాను. ఎర్రగా ఉన్న బొగ్గు అంచుల్లో బూడిద కట్టింది, తర్వాత మధ్యలో, తర్వాత అంతా. నిప్పు ఆరిపోయింది. పగిలింది దాగలి మీదే ఉంది. మా కొలిమిలో ఇలా ఎప్పుడూ జరగలేదు.

అన్నం చల్లారిపోతోంది పద అన్నాడు నాన్న. ఇస్తాననీ అనలేదు, ఇవ్వననీ అనలేదు.

అమ్మ నడుం పట్టుకుని లేచి వచ్చి, దాన్ని పాత బాతిక్ బట్టలో చుట్టి సంచిలో పెట్టింది. పైన బచ్చలికూర పరిచింది. ఎవరైనా అడిగితే పనసకాయని చెప్పు అంది. బస్సులో పక్కనావిడ అడగనే అడిగింది, అంత బరువు, ఎంత పడిందమ్మా పనసకాయ అని. తల దించుకున్నాను. పాపం సిగ్గరి అనుకుని ఊరుకుంది. సిగ్గు కూడా ఒక్కోసారి పనికొస్తుంది.

సెప్టెంబర్ 7

సంచి విప్పితే ఆయన కింద కూర్చుండిపోయారు. వేలితో ఆ గీత వెంట వెళ్లారు, ముట్టుకోకుండా. ఎలా అడిగావు అన్నారు. అడిగాను అన్నాను.

ఆయన ముందు చేసిన పని, దానికి ఎవరి కాలూ తగలకుండా అలమారా పైన పెట్టడం.

సెప్టెంబర్ 10

నాన్న ఫోన్ చేశాడు. తనంతట తనే. అల్లుణ్ణి పిలవమన్నాడు. ఎర్ర రంగు పోయి ఇటుక రంగు వచ్చేసింది బాబూ, మళ్లీ నిప్పులో పెట్టాల్సింది, ఇంకో వరస పడుతుందిలే అనుకుని నేనే సైగ చేశాను, కుర్రాళ్ల తప్పు లేదు అని చెప్పి పెట్టేశాడు. ఆయన ఫోన్ చెవి దగ్గర అలాగే పట్టుకుని నిలబడ్డారు.

నవంబర్ 14

చాలా రోజులైంది రాసి. ఆయన ల్యాబ్‌లోనే తింటున్నారు, అక్కడే కునుకు తీస్తున్నారు. చిట్లిన చోట సూదులు లేవట. చెరువు ఎండి బీటలు తీసినట్టు బూడిద రంగు మచ్చలు, వాటి మధ్యలోంచే గీత పోయిందట. ఆయన ఊహించింది సగమే నిజం. మిగతా సగం తప్పని తేలింది. తప్పని తేలినందుకు ఇంత సంతోషపడే మనిషిని నేను చూడలేదు. నన్ను పట్టుకుని వంటింట్లో ఒక చుట్టు తిప్పారు, గరిటె చేతిలో ఉండగానే.

మేడం మా అమ్మ దగ్గరికి ఒక్కరే వెళ్లివస్తున్నారు. ఇప్పుడు అమ్మ చెబుతోందట. పగిలిన రోజు నాన్న ఏం తినడు, ఎన్నాళ్లు ఎవరితో మాట్లాడడు, ఏది అమ్మి బొగ్గు కొంటారు. నీ పేరు రాయనా పిన్నీ అంటే, మీ బాబాయ్ పేరు రాయకుండా నా పేరు రాస్తే ఊళ్లో ఎవరికీ తెలియదనుకున్నావా, నీదేం చదువమ్మా అందట. మేడం తెచ్చిన ఆ సంగతులతో ఆయన థీసిస్‌లో కంచర్ల బతుకు మీద ఒక చాప్టర్ కలిపారు.

థీసిస్‌లో నాన్న పేరు లేదు. 'కంచరి-అ' అని ఉంది. నేను చూశాను. అన్ని పేజీలూ తిప్పి మరీ చూశాను.

జనవరి 11

పరీక్ష తేదీ వచ్చింది, 22. అందరి ముందూ జరిగే పరీక్ష. ఇక్కడ పద్ధతి, డాక్టర్ కాబోయే వాళ్ల భార్య ముందు వరసలో కూర్చోవాలి, కెబాయా రవిక వేసుకుని, సిగ ముడిచి. వచ్చినవాళ్లందరికీ టిఫిన్ పెట్టెలు మనమే ఇవ్వాలి. పెట్టెల సంగతి నాకు భయం లేదు. ముందు వరస అంటేనే.

లెక్చరర్ల భార్యలు చూడటానికి వచ్చారు. ఏం చదివావమ్మా అని ఒకావిడ అడిగింది. ఆరు దాకా అన్నాను. అందరూ తలలు వంచుకుని నేను చేసిన జిగురన్నం పొట్లాలు తింటున్నారు. కాసేపటికి అదే ఆవిడ, ఇందులో కోడిమాంసం ఇంత మెత్తగా ఎలా వచ్చిందో చెప్పవూ, మా ఇంట్లో తాడులా వస్తుంది అంది. ఎమ్మే చదివిందట ఆవిడ. చెప్పాను.

నాన్నకి పిలుపు పంపాం. అలాగే అన్నాడట. అంటే రాడు.

జనవరి 22, ఉదయం 5

సిగ పెట్టారు. తల తిప్పడానికి లేదు. మంచిదే, ఎటూ చూడక్కర్లేదు.

జనవరి 22, సాయంత్రం

ముందు జరిగింది ముందు రాస్తాను. లేకపోతే అన్నీ ఒకేసారి వచ్చేస్తాయి.

హాలు నిండిపోయింది. పరీక్ష చేసేవాళ్లు నల్ల గౌన్లలో, టోపీల్లో, వరసగా వచ్చి కూర్చున్నారు. బూడిద జల్లించే అమ్మాయి, చప్పట్ల అతను, మేడం, ఆవిడ స్టూడెంట్లు అంతా వచ్చారు. అమ్మ నా పక్కన. నాన్న ఏడీ అంటే ఏదో పెళ్లి భోజనానికి పోతున్నానని పొద్దున్నే బయల్దేరాడు అంది.

ఆయన బాగా చెప్పారు. నాకు అన్నీ అర్థం కాలేదు, కానీ గొంతు తడబడలేదు, అది అర్థమైంది. ప్రొఫెసర్లు అడిగారు, చెప్పారు. ఎందుకు మీ థీసిస్‌లో కంచర్ల బతుకు గురించి ఒక చాప్టర్ ఉంది, ఇది ఫిజిక్స్ కదా అని ఒకరడిగారు. పగిలితే ఎవరు నష్టపోతారో తెలియకుండా ఎందుకు పగిలిందో తెలుసుకుని ఏం లాభమండీ అన్నారు ఆయన. మేడం వెనక నుంచి చప్పట్లు కొట్టబోయి ఆపుకున్నారు.

చివరికి వేరే ఊరు నుంచి వచ్చిన పరీక్షకుడు. తెల్లజుట్టు పెద్దాయన, మర్యాదగా అడిగారు. మీ వాదనంతా ఈ పగిలిన బిళ్ల మీద నిలబడింది. ఇది ఎవరో 'కంచరి-అ' ఇచ్చాడంటారు. కొలిమి మీదే పగిలిందని నాకెలా తెలుస్తుంది? మీ గ్రాఫ్‌కి సరిపడేలా ల్యాబ్‌లోనే ఎవరో కొట్టి పగలగొట్టారని రేపు ఇంకొకరు అంటే ఏం చెబుతారు? ఆ కంచరి ఎవరు?

చెప్పనని మాట ఇచ్చాం సార్ అన్నారు ఆయన.

మాట మంచిదే, కానీ సాక్ష్యం లేని చాప్టర్‌ని నేను లెక్కలోకి తీసుకోలేను అన్నారు పెద్దాయన. ఆయన అడిగింది న్యాయమే. ఎవరైనా అలాగే అడగాలి.

ఈయన నావైపు చూశారు. ఎందుకంటే ఆ మాట నాది. నేను తల ఊపితే చాలు, చెప్పేస్తారు. ఏడేళ్లు నిలబడతాయి. అమ్మ నా చెయ్యి పట్టుకుంది, అటూ కాదు ఇటూ కాదు, ఊరికే. నేను తల ఊపలేదు. సిగ బరువు వల్ల కాదు.

ఆయన పెద్దాయనవైపు తిరిగి, క్షమించండి, చెప్పలేను అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు కూడా గొంతు తడబడలేదు.

అప్పుడు వెనక కుర్చీ జరిగిన చప్పుడు. అధ్యక్షుడు, చూడటానికి వచ్చినవాళ్లు మాట్లాడకూడదండీ, కూర్చోండి అన్నారు. ఆ మనిషి కూర్చోలేదు. తిరిగి చూశాను. ఆఖరి వరసలో, స్టూడెంట్ల మధ్య, చారల కోటు, తలకి బాతిక్ పాగా. మా నాన్న.

చేతులు ముందు కట్టుకుని, పెద్దవాళ్లతో మాట్లాడే మర్యాద మాటల్లో చెప్పాడు. అడ్డొచ్చినందుకు మన్నించాలి దొరలు. అది పగిలింది నా చేతిలో. నా పేరు రెసొవిగుణ. రంగు పోయాక కూడా కొట్టమని చెప్పినవాణ్ణి నేనే. అదొక్కటే కాదు, నా కొలిమిలో చాలా పగిలాయి. మా నాన్న కొలిమిలోనూ పగిలాయి. ఆ పిల్ల నాకిచ్చిన మాట నిలబెట్టుకుంది, ఇంక చాలు.

పెద్దాయన కళ్లజోడు తీశారు. మరి ఎందుకు కొట్టమన్నారండీ అని అడిగారు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు. ఆశ దొరా, ఇంకో వరసకి అయిపోతుందని ఆశ అన్నాడు నాన్న. పెద్దాయన నవ్వేశారు. నా థీసిస్ కూడా అలాగే ఒకసారి పగిలింది అన్నారు. అందరూ నవ్వారు. నాన్నకి ఎందుకు నవ్వారో అర్థం కాక తనూ కొంచెం నవ్వి, కూర్చున్నాడు. ఆ చాప్టర్ లెక్కలోకి వచ్చింది.

వాళ్లు లోపలికి వెళ్లి మాట్లాడుకుని వచ్చారు. జత్మికో డాక్టర్ అని ప్రకటించారు. తర్వాత ప్రొఫెసర్ మైకులో భార్య పేరు చెప్పి పైకి పిలవడం పద్ధతి. కినాసి అన్నారు. నా పేరు అంత పెద్దగా నేనెప్పుడూ వినలేదు. వెళ్లాను. పడిపోలేదు. మా ఆయన మైకు పట్టుకుని, 'కంచరి-అ' అన్న చోటల్లా పేరు మారుస్తాను అన్నారు. నాన్నని కూడా పైకి రమ్మన్నారు. నాన్న చెప్పులు గుమ్మం బయటే విప్పి వచ్చాడట, వట్టి కాళ్లతో మెట్లెక్కాడు. ఫొటోలో మా అందరి కాళ్లూ ఉన్నాయి, నాన్న ఒక్కడి పాదాలే కనబడుతున్నాయి. ఆ ఫొటోలో నేను తల ఎత్తుకునే ఉన్నాను.

పెళ్లి భోజనం ఎలా ఉంది అని అమ్మ నాన్నని అడిగింది. పెట్టెలో పెట్టారు, బాగానే ఉంది అన్నాడు.

జనవరి 25, ఆదివారం

ఊళ్లో అందరికీ తెలిసిపోయింది. టీ కొట్టు దగ్గర తుకిరన్ మామ, రెసొవిగుణకి పగలగొట్టడంలో డాక్టరేట్ వచ్చిందట, మనకి అంత చదువు లేదులే అన్నాడట. పదిమందీ నవ్వారట. నాన్న టీ తాగి, గ్లాసు పెట్టి వచ్చేశాడట.

ఇంకోటి. సెమరాంగ్ మేళం పెద్ద ఫోన్ చేశాడు. మీ కొలిమిలో పగులుతాయట కదా, ధర తగ్గించండి అన్నాడు. నాన్న చెప్పింది నేను పక్కనే ఉండి విన్నాను. పగులుతాయి బాబూ. నీకు ఇచ్చేది పగలకుండా ఉండాలంటే నా దగ్గర కొన్ని పగలాలి. వాటి బొగ్గు కూడా నీ ధరలో ఉంది అన్నాడు. మేడం ఎన్ని నెలలు తిరిగినా ఇంత తేలిగ్గా చెప్పలేదు. ఆ పెద్ద ఆలోచించి చెబుతానన్నాడు. చెబుతాడో లేదో. నాన్నకి భయం ఉంది, నాకు తెలుసు. అయినా సోమవారం మళ్లీ కొలిమి వెలిగిస్తున్నాడు.

ఫిబ్రవరి 1

తుకిరన్ మామ వచ్చాడు. మోటార్ సైకిల్ మీద గోనెసంచి. డాక్టర్‌గారు లేరా అన్నాడు. లేరు మామా, లోపలికి రండి అన్నాను. రాలేదు. సంచి వాకిట్లో దించాడు. విప్పితే పగిలిన కంచు, రెండు ముక్కలు, ఇంకా బూడిద అంటుకునే ఉంది. పేరు రాసుకో అన్నాడు. ఎటో చూస్తూ, తన పూర్తి పేరు చెప్పాడు. చాక్‌పీస్‌తో కంచు మీద నేనే రాశాను. సరిగ్గా రాశావా అని రెండుసార్లు అడిగాడు.